మూడు రోజులు పిలిచిన పేరు

రేపల్లె,
12 సెప్టెంబరు 1970

ఒరే బుడుంగూ,

నీకిప్పుడు ఇరవయ్యొక్క ఏళ్ళు. నేవీ బట్టలు, బొంబాయి నగరం. ఈ పేరుతో పిలిచానని తెలిస్తే నీ పక్కవాళ్ళు నవ్వుతారేమో. నవ్వనీ. బడికని మా ఇంట్లో ఉన్నప్పుడు రేపల్లె కాలవలో ఈ గట్టున బుడుంగున మునిగి ఆ గట్టున తేలేవాడివని ఆ పేరు పెట్టింది నేను. మీ అమ్మ కాదు.

నిన్ను నీళ్ళలో ఆడే బంతాటకి దేశం తరపున ఎంచారట గదా. విమానంలో బాంకాకు తీసుకెళ్తారట గదా. మీ అమ్మ సుబ్బులు నిన్న తెనాలి చేపల బజారులో చెప్పింది. నాతో కాదు. పదిహేనేళ్ళుగా నేను రేపల్లె రైలు దిగీ, తను బాపట్ల రైలు దిగీ ఇద్దరం పంచుకునే ఆ రాతి అరుగు మీదే, నా మోచేతికి తన మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని, నాకు తప్ప అందరికీ చెప్పింది. వంజరం బేరమాడిన ప్రతి మనిషికీ "మావాడండి, ఇండియా తరపునండి" అంది. ఒకావిడ వంజరం వద్దు, ఎండు మెత్తళ్ళు కావాలని నా వైపు తిరిగితే, ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి మరీ చెప్పింది. నేను గంప మీద ఈగలు తోలుకుంటూ విన్నాను.

నాకు ఒళ్ళు మండింది నాగులూ. చదువుకున్నవాళ్ళయితే దీన్ని ఇంకోలా రాస్తారేమో. మిషను బడిలో మూడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు నావి. ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

నా పెద్దిరాజు పోయి పదహారు నెలలయింది. ఆ గాలివానకి సముద్రం తీసుకున్న పడవల్లో ఎందరో పోయారు, నీ ఒక్కదాని కొడుకేనా అంటారు. నాకు ఒక్కడే. వాడి తండ్రి కూడా ఎప్పుడో పోయాడు. మీ అమ్మకి నువ్వున్నావు, మీ నాన్న ఉన్నాడు, ఇప్పుడు విమానం కూడా ఉంది.

ఆ ఆటలో నీళ్ళలో నిలబడటమే గొప్పట. మీ అమ్మే చెప్పింది. నిలువీత నీకు నేర్పిందెవడు? వాడు. వాడికి నేర్పింది నేను. మెడ దాటిన నీళ్ళలో రెండు చేతులూ పైకెత్తి గంప పట్టుకుని, గంప తడవకుండా, మోకాళ్ళ కింద కాళ్ళను చల్ల కవ్వంలా తిప్పుతూ ఎంతసేపైనా నిలబడటం మా అమ్మ నాకు నేర్పింది. మీ అమ్మకీ నేర్పబోయింది. దానికి రాలేదు. రెండు మునకలేసి ఏడుస్తూ గట్టెక్కింది. నీ గొప్ప మీ ఇంటిది కాదు, మా ఇంటిది.

నాలుగేళ్ళ కిందట మీరిద్దరూ ఒకే రైల్లో విశాఖపట్నం వెళ్ళారు. నేవీవాళ్ళు ఇద్దరినీ ఒకే రోజు కొలిచారు, ఉరికించారు, ఈదించారు. తర్వాత నీకు రమ్మని కాగితం వచ్చింది. వాడికి రాలేదు. వాడు నీకంటే బాగా ఈదేవాడు. ఒప్పుకో.

ఒక్కటి అడుగుతాను. వాణ్ణి ఎందుకు తీసుకోలేదో అక్కడ ఎవరైనా ఎప్పుడైనా నీతో అన్నారా? నీకు తెలిసింది దాచకుండా రాయి.

మీ పెద్దమ్మ
మస్తానమ్మ


బొంబాయి,
4 అక్టోబరు 1970

పెద్దమ్మకి నాగులు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒప్పుకుంటున్నాను. పెద్దిరాజు నాకంటే బాగా ఈదేవాడు. ఈ మాట ఎవరడిగినా చెబుతాను.

నీకు ఈ ఆట సంగతి చెప్పాలని ఉంది. దీన్ని వాటర్‌పోలో అంటారు. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. ఆట అయిపోయేదాకా కాలు నేలకి తగలకూడదు, గోడ పట్టుకుని ఆడకూడదు. బంతి ఒక్క చేత్తోనే పట్టాలి. గోలు దగ్గర కాపలా ఉండేవాడికి మాత్రం రెండు చేతులు. నెత్తిన గుడ్డ టోపీ, చెవులకి గిన్నెల్లాంటి మూతలు, గడ్డం కింద ముడి. ఆట మొదలయ్యే ముందు రెఫరీ మా చేతిగోళ్ళు, కాలిగోళ్ళు చూస్తాడు, బడిలో మాస్టారు చూసినట్టు. నీళ్ళ కింద రక్కుకుంటామని. గోళ్ళు తీస్తారు గానీ కాళ్ళు తీయలేరు గదా. పైకి అంతా బంతాటే. అడుగున తన్నుకోవడం, నిక్కరు పట్టి కిందికి లాగడం, పొట్టలో మోకాలు పెట్టడం. పైనున్న రెఫరీకి కనపడదు.

కొలనులో నీళ్ళకి ఉప్పు లేదు, పోటు లేదు, పాటు లేదు. మందు కలుపుతారు, కళ్ళు మండుతాయి. నా పక్కన ఆడేవాళ్ళు బొంబాయి, కలకత్తా కుర్రాళ్ళు. ఈత పందెంలో నన్ను దాటిపోతారు. కానీ అవతలివాడు భుజం మీద బరువు వేస్తే నిలబడలేరు. నేను నిలబడతాను. మొదటి రోజు కోచ్ సార్ గట్టు మీద నుంచి చూసి, "ఆ కాళ్ళు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు. "మా ఊళ్ళో సార్" అన్నాను.

నువ్వడిగిన సంగతి నాకు తెలియదు పెద్దమ్మా. నేవీలో ఒకణ్ణి ఎందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పరు. జరిగిపోయినదాన్ని తవ్వుకుని నువ్వు ఆరోగ్యం పాడుచేసుకోకు.

డిసెంబరులో ప్రయాణం. ఇంటికి రావడానికి సెలవు లేదు. అమ్మ ఉత్తరం వచ్చింది. నీ చేత్తో కూడా ఒక మంచి మాట రాసి పంపు. అది లేకుండా వెళ్ళడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

నీ
నాగులు


రేపల్లె,
20 నవంబరు 1970

నాగులుకి,

మా ఊళ్ళో అన్నావా? ఆ ఊళ్ళో ఒక మనిషి లేడా? ఆ మనిషికి ఒక పేరు లేదా? మా అన్న పెద్దిరాజు నేర్పాడు సార్ అని చెప్పడానికి నీ నోట్లో ఏం అడ్డుపడింది?

మీ అమ్మ నీకు ఒక సంగతి రాసి ఉంటుంది. అది తనకు తోచినట్టు రాస్తుంది కాబట్టి నేను జరిగినట్టు రాస్తున్నాను.

పేపర్లో పడిన మీ జట్టు ఫోటో ఉంది చూడు, దాన్ని కత్తిరించి, తెనాలిలోనే అద్దం కట్టించింది. కట్టించుకుంటే కట్టించుకుంది. మొన్న మంగళవారం తెచ్చి మా అరుగు వెనక స్తంభానికి మేకు కొట్టి తగిలించింది. సరిగ్గా నా తల మీదికి. నేను తల ఎత్తితే నువ్వు. దించితే చేపలు.

"ఏంటే సుబ్బులూ, చేపలమ్ముకోడానికొచ్చావా, ఫోటోలమ్ముకోడానికొచ్చావా?" అన్నాను.

"నా కొడుకు బొమ్మ నేను పెట్టుకుంటే నీకేంటక్కా నొప్పి?"

"ఆ టోపీ నీ కొడుకుది కాదే. నా పెద్దిగాడిది."

"ఎవురిచ్చారంట? పెద్దిగాణ్ణి నేవీవోళ్ళు వద్దన్నారు. నేనొద్దన్నానా? నా కొడుకొద్దన్నాడా? నీకొచ్చిన కష్టం నాకు రాలేదనే గదా నీ ఏడుపంతా!"

పక్క అరుగు ధనమ్మ చేప కోస్తున్న చెయ్యి ఆపేసింది. "ఊరుకోండమ్మా. ఒక తల్లి బిడ్డలు. బేరాలు పోతన్నయ్" అంది.

"నువ్వూరుకో ధనమ్మా, నీ కొరమేను చూసుకో" అని, నేను లేచి నిలబడి అన్నాను. "ఏ నీళ్ళని చూసుకుని మిడిసిపడతన్నావో, ఆ నీళ్ళే వాడి కాళ్ళు పట్టుకోవాల. అప్పుడు తెలుసుద్దే నీకు."

మీ అమ్మ ఫోటో తీసి, పమిటలో చుట్టుకుని, సగం చేపలు అమ్మకుండానే గంప ఎత్తుకుని స్టేషనుకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ అరుగు మీద నా పక్కన చోటు ఖాళీ. బజారులో ఆ చివర ఎవరి దగ్గరో కూర్చుంటోంది.

నోరు జారిందని రాస్తే నీకు బాగుంటుంది. జారలేదు. తెలిసే అన్నాను. అంటున్నప్పుడు హాయిగా ఉంది. రైలెక్కాక ఆ హాయి లేదు.

మంచి మాట రాయమన్నావు. నాలుగు రోజులుగా ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. నువ్వు విమానం మెట్లు ఎక్కుతున్నట్టు అనుకుంటాను. నీ వెనకాల మెట్లన్నీ ఖాళీగా కనపడతాయి. ఇంక మాట రాదు.

మస్తానమ్మ


బాంకాకు,
17 డిసెంబరు 1970

పెద్దమ్మా,

ఇక్కడ మమ్మల్ని ఉంచిన గదికి రెండు మంచాలు. నా గదివాడు బజారుకి వెళ్ళాడు. అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నిన్న మేం ఓడిపోయాం. నా వల్ల ఓడిపోయాం.

ఏ దేశంతో ఆడామో రాస్తే నీకు నోరు తిరగదు. వాళ్ళ మధ్య ఆటగాడు ఒకడున్నాడు. మన జకరయ్య మేస్త్రి అంత భుజాలు. మా గోలు ముందు వాడు తిష్ఠ వేస్తాడు, వాడికి బంతి అందకుండా నేను కాయాలి. నా పని అదొక్కటే. ఇలాంటి ఆట బొంబాయిలో ఎప్పుడూ చూడలేదు. చుట్టూ మెట్ల మీద వేలమంది. వాళ్ళ కేకలు నీళ్ళలోకి దిగితే ఉరుముల్లా వినిపిస్తాయి. ఐదేసి నిమిషాలు నాలుగు ఆటలు. మొదటి దాంట్లోనే వాడు నా పక్కటెముకలో మోచెయ్యి పెట్టాడు. రెండో దాంట్లో నేనూ పెట్టాను. మూడోది అయ్యేసరికి చెరి మూడు గోల్స్. మా వాళ్ళు గట్టు మీద "శభాష్ నాగులు" అని అరుస్తున్నారు. మూడు ఆటలు వాణ్ణి కదలనివ్వలేదు పెద్దమ్మా. వాడు నన్ను తొక్కేకొద్దీ నా కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు.

ఆఖరి నిమిషం. వాడు నా నిక్కరు పట్టుకుని కిందికి గుంజాడు. మునిగాను. అది రోజూ ఉండేదే, తన్ని పైకి లేస్తాం. కళ్ళు తెరిచాను. పచ్చటి నీళ్ళలో ఎన్నో కాళ్ళు, అన్నీ తిరుగుతున్నాయి. ఆ కాళ్ళలో ఒక జత నాకు తెలిసినట్టు అనిపించింది. నువ్వన్న మాట గుర్తొచ్చింది. వాడు నా నిక్కరు ఎప్పుడో వదిలేశాడు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. లేవగలను. లేవలేదు. ఎంతసేపో తెలియదు. రెండు సెకన్లు, మూడు సెకన్లు. పైన బంతి నీడ నా మీదుగా వెళ్ళింది. తేలేసరికి గోలు అయిపోయింది.

కండ పట్టేసింది అనుకున్నారు అందరూ. నేనూ అదే చెప్పాను. మిగిలిన ఆటలకి నన్ను గట్టు మీదే కూర్చోబెడతారట.

నీ మాట తగిలిందని రాయడం లేదు. తగలడానికి నాలో చోటుంది కాబట్టి తగిలింది. నువ్వు సెప్టెంబరులో అడిగావు. తెలియదని రాశాను. అబద్ధం.

విశాఖపట్నంలో చేరిన రోజు పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి పేర్లు పిలిచారు. నా పేరు తర్వాత, "పెద్దిరాజు, తండ్రి సింగరయ్య, రేపల్లె" అని పిలిచారు. పలికేవాడు లేడు. వాడు ఎంపికయ్యాడు పెద్దమ్మా. వాడి పేరు జాబితాలో ఉంది. రెండో రోజూ పిలిచారు. ఆ రోజు అక్కడి ఆఫీసరు నన్ను చూసి, "మీది దగ్గరి ఊరే గదా, వాడెందుకు రాలేదు?" అన్నాడు. "తెలియదు సార్" అన్నాను. మూడో రోజు పిలిచి, గీత కొట్టేశారు.

టెలిగ్రాం ఇచ్చే ఆఫీసు గేటు పక్కనే ఉంది. ఒక్క మాట పంపితే వాడు రైలెక్కేవాడు. కాగితం పోస్టులో తప్పిపోయి ఉంటుందని నాకు తెలుస్తూనే ఉంది. మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఎందుకంటే వాడు వస్తే నేను ఎప్పటికీ రెండోవాణ్ణే. కాలవలో రెండు, బడిలో రెండు, నీ దగ్గర రెండు. ఒక్కచోటైనా వాడు లేకుండా ఉండాలనుకున్నాను. వాడు చచ్చిపోవాలని అనుకోలేదు. కానీ వాడు నేవీలో ఉంటే ఆ రోజు ఆ పడవలో ఉండేవాడు కాదు.

బొంబాయి వెళ్ళగానే ఆట మానేస్తానని కాగితం ఇచ్చేస్తాను. ఆ టోపీ నాది కాదన్నావు. నిజమే.

నాగులు


రేపల్లె,
2 జనవరి 1971

నాగులుకి,

నీ ఉత్తరం అందింది.

మూడు రోజులు పిలిచారు. మూడు రోజులు నువ్వు పక్కనే నిలబడి విన్నావు. నా ఇంట్లో నా చేతి ముద్ద తిని పెరిగినవాడివి.

కాగితం ఇస్తానన్నావు గదా. ఇచ్చెయ్.

నాకు ఇంక ఉత్తరాలు రాయకు.

మస్తానమ్మ


బొంబాయి,
21 జనవరి 1971

పెద్దమ్మకి,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఊరుకుంటాను.

కాగితం ఇచ్చాను. కోచ్ సార్ తీసుకోలేదు, సొరుగులో పెట్టారు. "ఒక్క గోలుకి ఎవడైనా ఆట మానేస్తాడా? ఫిబ్రవరి ఆఖరు దాకా చూస్తాను. మనసు మారకపోతే అప్పుడు పైకి పంపుతా" అన్నారు. మనసు మారదు. ఓడ మీద డ్యూటీ అడిగాను. నెల దాటాక నిన్న కొలనులోకి దిగాను. కాళ్ళు తిరగలేదు, ఇనపముక్కలా అడుక్కి పోయాను. నిలువీత రానివాడిలా గట్టు పక్క ఇనప గొట్టం పట్టుకుని గట్టెక్కాను. మా వాళ్ళు చూసి నవ్వలేదు. దానికే భయమేసింది.

అమ్మకి కూడా అంతా రాసేశాను. నీ కోపంలో న్యాయముందని, నిన్ను ఒక్క మాట కూడా అనొద్దని రాశాను.

నాగులు


బాపట్ల,
14 ఫిబ్రవరి 1971

బుడుంగూ,

ఇది మీ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. ఈ ఉత్తరం పెద్దది. ఒక్క గుక్కలో చదవకు, కూర్చుని చదువు.

పోయిన బుధవారం మీ అమ్మ రేపల్లె వచ్చింది. బజారులో దెబ్బలాడుకున్నాక మా గడప తొక్కడం అదే మొదలు. గంప లేదు, చేతిలో నీ ఉత్తరం. లోపలికి రమ్మనేలోపే నా కాళ్ళ దగ్గర కూలబడింది. నాగులూ, ఎప్పటి నుంచో నాకు కావలసింది అదే. మీ అమ్మ నా ముందు కుంగిపోవాలి. తన కొడుకు తప్పు తన నోటితో చెప్పాలి. పడుకుంటే అదే, లేస్తే అదే.

"అక్కా, నా కొడుకు పాపం చేశాడు. నోరిప్పుంటే పెద్దిగాడు బతికుండేవోడు. వాడు తిండి మానేశాడంట, వాడి గదిలో ఉండేవోడు కూడా ఉత్తరం రాశాడు. నీ కాళ్ళట్టుకుంటా. కడుపులో పెట్టుకో. వాణ్ణొదిలెయ్యక్కా" అంది.

నా పాదాల మీద తన కన్నీళ్ళు పడుతున్నాయి. చల్లగా ఉంటుందనుకున్నాను. కాలింది. ఎందుకో నీకు తెలియదు, మీ అమ్మకీ తెలియదు. ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

పెద్దిరాజు కాగితం పోస్టులో తప్పిపోలేదు. వచ్చింది. నా చేతికే వచ్చింది.

వాడు వల వేయడానికి వెళ్ళాడు. పోస్టు జవాను ఇచ్చి వెళ్ళాడు. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు గానీ, ముందు రోజు మీ అమ్మ బజారులో చూపించిన నీ కాగితం మీద ఉన్న ముద్రే దీని మీదా ఉంది. రేపల్లెలో ఎవరి చేతా చదివించలేదు, ఊరంతా తెలిసిపోతుందని. మర్నాడు తెనాలి స్టేషన్లో రైలు కోసం కూర్చున్న ఎవరో గుమాస్తా గారికి చూపించాను. ఆయన చదివి నవ్వుతూ, "మీ అబ్బాయిని నేవీలో తీసుకున్నారమ్మా, పది రోజుల్లో విశాఖపట్నంలో ఉండాలి. అదృష్టవంతురాలివి" అన్నాడు. అలాగేనండి అని తీసుకుని, కాలవ వంతెన దాకా నడిచి, నాలుగు ముక్కలు చేసి నీళ్ళలో వేశాను.

మన ఇళ్ళలో ఒక కడుపు పిల్లలిద్దరు ఒక పడవ ఎక్కరు. గాలి తిరిగితే ఇంటికి ఒక్కడైనా మిగలాలని. అక్కచెల్లెళ్ళ పిల్లల్ని కూడా మనం ఒక కడుపు కిందే చూస్తాం. నేవీ అంటే ఒకటే పెద్ద పడవ అనుకున్నాను నాగులూ. ఎన్నో ఓడలుంటాయని, మిమ్మల్ని చెరో దాంట్లో వేస్తారని నాకు చెప్పినవాళ్ళు లేరు. అంతకు ముందు ఏడే పాకిస్తానుతో యుద్ధం. ఇద్దరిలో ఒకడు ఆగాలి. ఎవడు ఆగాలో నేను తేల్చాను. నా వాణ్ణి ఆపుకున్నాను. వాడు ఇంటి దగ్గర క్షేమంగా ఉంటాడు, ఆ యుద్ధం పడవలో వెళ్ళేవాడు నువ్వు అనుకున్నాను.

వాడు నెల రోజులు పోస్టాఫీసుకి తిరిగాడు. పొద్దున్న ఒకసారి, వల నుంచి వచ్చాక ఒకసారి. నేను చూస్తూనే ఉన్నాను. ఆఖరికి ఒక రోజు వచ్చి, "నాగులైనా వెళ్ళాడులే అమ్మా" అని తన పాత పలక మీద నీ ఓడ బొమ్మ వేసి నాకు చూపించాడు. వాడికి నీ మీద అసూయ లేదు. అదంతా నాకిచ్చి పోయాడు.

సెప్టెంబరులో నిన్ను అడిగాను చూడు, వాణ్ణి ఎందుకు తీసుకోలేదో తెలుసా అని. తెలియక అడగలేదు. నీకు తెలుసేమోనని భయపడి అడిగాను. తెలియదంటే ఊపిరి పీల్చుకుని ఇంకా గట్టిగా తిట్టాను. నువ్వు బాంకాకు నుంచి నీ తప్పు రాసినప్పుడు, అదే సందని నా తప్పు కూడా నీ నెత్తికే ఎత్తాను. ఎంత తేలిగ్గా ఉందో. వారం రోజులు హాయిగా నిద్రపోయాను.

ఇదంతా మీ అమ్మతో చెప్పాను. నా కాళ్ళు వదిలింది. మొహం తుడుచుకుంది.

"ఇద్దరిలో ఒకడాగాలని నువ్వొక్కదానివే తేల్చేశావా? నన్నొక మాట అడగాలనిపించలా?"

"లేదు."

"అంటే నా కొడుకు పోతే పోనీ అనుకున్నావ్."

"అనుకున్నా."

కొట్టుద్దేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. "రైలు టయిమయింది" అని లేచి వెళ్ళిపోయింది. నేను తలుపు దగ్గరగా వేసి తన వెనకే నడిచాను. ఒకే పెట్టెలో ఎక్కాను. తెనాలిలో తను దిగితే దిగాను, బాపట్ల బండి ఎక్కితే ఎక్కాను. స్టేషన్ నుంచి ఇంటి దాకా పది అడుగులు వెనకగా నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు గానీ, వీధి మలుపులో నేను వచ్చేదాకా ఆగింది.

ఇప్పటికి నాలుగు రోజులు. అక్కా అని పిలవడం లేదు. కంచం పెడుతుంది, మొహం తిప్పుకుంటుంది. మీ నాన్న సంగతి తెలియక, "ఏంటి, అక్కచెల్లెళ్ళకి నోళ్ళు కుట్టేశారా? ఈ ఇల్లు ఇంత నిమ్మళంగా నేనెప్పుడూ చూళ్ళా" అని నవ్వాడు. ఇద్దరం నవ్వలేదు. ఈ పొద్దున్న చేపలు ముందేసుకుని, నా వైపు చూడకుండా అంది: "వాడికి నువ్వే రాయి. నేను రాస్తే నీ మీద జాలితో అబద్ధం చెబుతన్నాననుకుంటాడు." అందుకని రాస్తున్నాను.

బాగా విను. నువ్వు ఆ మూడు రోజుల్లో టెలిగ్రాం కొట్టినా అది వచ్చేది నా చేతికే. దాన్ని కూడా ఆ వంతెన మీది నుంచే వేసేదాన్ని. నీ తప్పు లేదని రాయను. నోరు మూసుకున్నావు, అది నీది, నువ్వే మొయ్యాలి. కానీ వాణ్ణి ఆ పడవ ఎక్కించింది నువ్వు కాదు. నా పాలు నువ్వు మొయ్యొద్దు. నాకిచ్చెయ్. అది నా కొడుకుది, నాకే ఉండనీ.

నా మనసు మారిందని అనుకోకు. మీ గోడకి నీ ఫోటో ఉంది. మీ అమ్మ రోజూ పమిట కొంగుతో అద్దం తుడుస్తుంది. తుడుస్తుంటే నాకు ఇప్పటికీ గుండెల్లో కారం పెట్టినట్టే ఉంటుంది. నువ్వు పెళ్ళి చేసుకుంటావు, అప్పుడూ ఉంటుంది. నీకు కొడుకు పుడతాడు, అప్పుడు ఇంకా ఎక్కువ ఉంటుంది. నువ్వు బతికున్నావని నాకు మంటగా ఉంది నాగులూ, నువ్వు బతికే ఉండాలి. రెండూ నిజమే. ఈ రెంటినీ ఒక్క మాటలో ఎలా రాయాలో నాకు రాదు.

ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉందన్నావు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి వెనక్కి తీసుకో. ఆ కోచ్ గారితో నా వల్ల అని చెప్పు, ఏమని చెప్పినా నాకు ఒప్పుదలే. కాళ్ళు తిరగడం లేదని భయపడకు. ఒంట్లో బలం లేకపోతే ఎవడికీ తిరగవు. నీ గదివాడు రాశాడట, రెండు ముద్దలు కెలికి కంచం పక్కన పెడుతున్నావని.

అక్కడ చేప దొరికితే వండించుకో. దొరక్కపోతే పప్పైనా సరే. పూటపూటా అన్నం బాగా తిను.

మీ పెద్దమ్మ
మస్తానమ్మ